దగ్గర దారి అంటే తేలిక దారేనా?
ఏడో తరగతి పిల్లలు రాసిన కొండదారి పుస్తకం, అందులో నేను చూడని తప్పు



గత డిసెంబరులో మా ఏడో తరగతి పిల్లలు ఇంగ్లిష్ పీరియడ్లలో ఒక చిన్న పుస్తకం తయారుచేశారు. తిరుపతి నుంచి తిరుమలకు ఉన్న రెండు మెట్ల దారుల గురించి, కొత్తగా వచ్చేవాళ్లకు పనికొచ్చే గైడ్‌బుక్. ఒక్కొక్కరిది ఒక్కో పేజీ. మ్యాపులు వాళ్లే గీశారు, బొమ్మలకు రంగులు వాళ్లే వేశారు. స్పైరల్ బైండింగ్ చేయించి పీటీఎం రోజున టేబుల్ మీద పెడితే మీలో చాలామంది ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. నాకూ గర్వంగానే అనిపించింది.

ఆ పుస్తకంలో ఒక పేజీలో తప్పుంది. నేను దాన్ని చూడలేదు. చూడకపోగా పదికి పది వేసి, పక్కన ‘ఎక్సలెంట్’ అని రాశాను.

ఆ పేజీ రాసిన అమ్మాయి ఇంగ్లిష్‌లో రాసిన మాటల సారాంశం ఇది: “శ్రీవారి మెట్టు దారి 2.1 కిలోమీటర్లే, మెట్లు 2,388. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. కాబట్టి పెద్దవాళ్లకు అలిపిరి కంటే శ్రీవారి మెట్టు తేలిక.” గ్రామర్‌లో పొరపాటు లేదు. అంకెలు సరైనవే. ఆ వారమే నేను డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ చెప్పాను. ‘కంటే తేలిక’ అన్న మాటను ఆ పిల్ల సరిగ్గా వాడిందని దాని కింద గీత గీసి మరీ టిక్ పెట్టాను.

సంక్రాంతి సెలవుల్లో ఆ అమ్మాయి వాళ్ల అవ్వ కొండకు పోవాలనుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి. ఏటా అలిపిరి దారిలోనే, ఆగుతూ కూర్చుంటూ వెళ్లే అలవాటు. ఈసారి మనవరాలి పుస్తకం ఇంట్లో ఉంది కదా, అందులో టీచర్ టిక్కు కూడా ఉంది కదా అని, శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు దారి పట్టారు. కొన్ని వందల మెట్లు ఎక్కేసరికి కాళ్లు వణకడం మొదలైంది. చూస్తే పైకీ మెట్లే, కిందికీ మెట్లే. కొడుకూ కోడలూ చెరో చెయ్యి పట్టుకుని ఎక్కించారట. మధ్యాహ్నానికి పైకి చేరారు. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు.

ఈ సంగతి ఆవిడే నాకు చెప్పారు. ఫిబ్రవరిలో మనవరాలిని దించడానికి వచ్చి, గేటు దగ్గర నన్ను ఆపి, “పాప రాసిండాది గదా అని పోతి మేడమ్. నడిమధ్యలో కూచుండిపోతి” అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే. పక్కన ఆ అమ్మాయి మాత్రం తల ఎత్తలేదు.

నిజానికి తల దించుకోవాల్సింది ఆ పిల్ల కాదు. ఆ పేజీని ఎవరైనా చేతిలో పట్టుకుని కొండెక్కుతారన్న ఆలోచన నాకు రాలేదు. నేను దాన్ని ఒక కాంపోజిషన్ లాగా దిద్దాను.

అంకెలు సరే, అర్థమే తప్పు

మర్నాడు క్లాసులో బోర్డు మీద ఆ నాలుగు అంకెలే రాసి, “మనం ఎక్కడ తప్పాం?” అని అడిగాను. లెక్కల్లో చురుకైన ఒక అబ్బాయి రెండు నిమిషాల్లో పట్టేశాడు. 2,388 మెట్లను 2.1 కిలోమీటర్లకు పంచితే ప్రతి వంద మీటర్లకు సుమారు 114 మెట్లు. 3,550 మెట్లను 9 కిలోమీటర్లకు పంచితే ప్రతి వంద మీటర్లకు సుమారు 39. మెట్లు తక్కువే, కానీ అవన్నీ కాస్త దూరంలోనే కుక్కి ఉన్నాయి. దారి పొట్టిగా ఉండడానికి కారణమే అది నిటారుగా ఉండడం.

అయితే సగటు లెక్క కూడా పూర్తి నిజం చెప్పదు. ఇది గమనించింది నేను కాదు, నెలకోసారి నాన్నతో నడిచి కొండకు పోయే ఇంకో అమ్మాయి. అలిపిరి దారిలో మెట్లు అంతటా సమానంగా పరుచుకుని లేవు. మొదట గాలిగోపురం దాకా రెండు వేల పైచిలుకు మెట్లు వరసగా ఎక్కాలి. దాటాక చాలా దూరం నడక కాస్త సమంగా సాగుతుంది, జింకల పార్కు అక్కడే. ‘అమ్మయ్య, అయిపోయింది’ అనుకునేలోపు చివర్లో మోకాళ్ల పర్వతం వస్తుంది. రామానుజాచార్యులు అక్కడ పాదాలు మోపకుండా మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకుంటారు. ఆ పేరే చాలు, ఎలా ఉంటుందో తెలియడానికి.

అంటే ‘అలిపిరి తేలిక’ అని దిద్దితే అదీ తప్పే. మేం చివరికి ‘తేలిక’ అన్న మాటనే కొట్టేశాం. ఎవరికి తేలిక? పదమూడేళ్ల పిల్లకు తేలికైనది డెబ్బై ఏళ్ల అవ్వకు కాదు. ‘గంటన్నరలో చేరవచ్చు’ అన్నదాన్నీ తీసేశాం, ఎవరి కాళ్లతో గంటన్నర? ఎన్ని మెట్లు, ఎంత దూరం, ఎక్కడ వరసగా ఎక్కాలి, ఎక్కడ కాళ్లు చాపుకోవచ్చు, ఇవి చెప్పి ఊరుకుంటే నిర్ణయం చదివినవాళ్లు తీసుకుంటారు.

కెండల్ ఊరి ఖజానా అధికారి

సిగ్గుపడాల్సిన ఇంకో సంగతి ఉంది. ఈ పాఠం మొదలుపెట్టినప్పుడు నేను పిల్లలకు నమూనాగా చూపించినవి ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్ పేజీలు. మా తప్పుకు మందు ఆ పేజీల్లోనే ఉంది. నేను బొమ్మల అందం చూసి అది వదిలేశాను.

వెయిన్‌రైట్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో ఒక పేద ఇంట్లో పుట్టారు. పదమూడేళ్లకు బడి మానేసి మునిసిపల్ ఆఫీసులో పనికి చేరారు, తర్వాత రాత్రిళ్లు చదువుకుని అకౌంటెంట్ అయ్యారు. 1930లో మొదటిసారి లేక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లి, విండర్మియర్ సరస్సు పైనున్న ఓరెస్ట్ హెడ్ అనే చిన్న గుట్ట ఎక్కి చుట్టూ ఉన్న కొండలను చూశారు. మనసు అక్కడే ఉండిపోయింది. జీతం తగ్గినా సరే అని 1941లో ఆ కొండల పక్కనున్న కెండల్ ఊరికి ఉద్యోగం మార్చుకున్నారు. 1948లో ఆ ఊరి మునిసిపాలిటీకి ఖజానా అధికారి అయ్యారు.

1952 నవంబరు 9 రాత్రి ఆయన తన గైడ్‌బుక్ మొదటి పేజీ గీయడం మొదలుపెట్టారు. ఆ ప్రాంతంలోని కొండలన్నిటినీ నడిచి, ఒక్కో కొండకు దారులు, మ్యాపులు, పైనుంచి కనిపించే దృశ్యం అన్నీ రాయాలని సంకల్పం. పదమూడేళ్ల ప్రణాళిక. వారమంతా ఆఫీసు, సెలవు రోజు కొండ, రాత్రిళ్లు రాత. ఆయన కారు నడిపేవారు కాదు. బస్సు ఎక్కి కొండ పాదం దాకా వెళ్లడం, చీకటి పడేలోపు మళ్లీ బస్సు అందుకోవడం. 1955లో మొదటి సంపుటం వచ్చింది, 1966లో ఏడోది, ఆఖరుది. మొత్తం 214 కొండలు. ఏడు పుస్తకాల్లోనూ అచ్చు అక్షరాలు పేర్చలేదు, ప్రతి పేజీ ఆయన చేతిరాతే. దాదాపు వంద పేజీలు పూర్తయ్యాక, కుడివైపు అంచు తిన్నగా రావడం లేదని అవన్నీ పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి రాశారు. (ఈ మాట చెప్పగానే మా క్లాసులో అందరూ తమ నోట్‌బుక్కుల వైపు చూసుకున్నారు. నాకు ఇష్టమైన క్షణాల్లో అదొకటి.)

ఇప్పుడు అసలు విషయం. ఒక కొండను ఎక్కే దారిని చూపించే ప్రతి బొమ్మ దగ్గరా ఆయన రెండు అంకెలు ఇస్తారు: ఎన్ని అడుగుల ఎత్తు ఎక్కాలి, ఎన్ని మైళ్ల దూరం నడవాలి. ఒకటి ఉంటే రెండోది పక్కనే ఉంటుంది. దూరం ఒక్కటే చెబితే ఏమవుతుందో ఖాతాలు రాసే మనిషికి తెలుసు. నాకు అవ్వ చెబితే తెలిసింది.

ఇంకో విషయం కూడా పిల్లలకు చెప్పాను. నడిచి రాసినా సరే, దారి మారిపోతుంది. కంచెలు వస్తాయి, కాలిబాటలు కొట్టుకుపోతాయి. ఆయన పోయాక క్రిస్ జెస్టీ అనే మ్యాపుల నిపుణుడు జీపీఎస్ పట్టుకుని ఆ దారులను మళ్లీ పరిశీలించి, 2005 నుంచి 2009 దాకా ఆ ఏడు పుస్తకాలనూ సవరించి తెచ్చారు. మన దగ్గర అంతకాలం కూడా పట్టదు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని మూతపడింది, మరమ్మతులయ్యాక 2022 మేలో గానీ తెరవలేదు. ఆ అక్టోబరులో రాసిన గైడ్‌బుక్ డిసెంబరుకల్లా అబద్ధం అయిపోయేది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక, పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తర్వాత ఆ దారుల్లోకి అనుమతించకుండా నియమం పెట్టారు. సమయాలు, టోకెన్లు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. అందుకే మా రెండో ముద్రణలో ప్రతి పేజీ అడుగున నడిచిన తేదీ ఉంది. ‘బయల్దేరే రోజు సమయాలు కనుక్కోండి’ అన్న వాక్యమూ ఉంది.

ఎడమ అంటే ఎవరి ఎడమ?

రెండోసారి రాసేటప్పుడు క్లాసును రెండు జట్లు చేశాను. ఒక జట్టు స్కూలు గేటు నుంచి వెనక గ్రౌండ్‌లోని నీళ్ల ట్యాంకు దాకా దారి రాయాలి, రెండో జట్టు ఆ కాగితం చూసి నడవాలి. రాసినవాళ్లు వెనకే రావచ్చు గానీ నోరు విప్పకూడదు.

మొదటి కాగితంలోనే ‘పెద్ద చెట్టు దగ్గర ఎడమకు తిరగండి’ అని ఉంది. మా ఆవరణలో పెద్ద చెట్లు నాలుగు. ఇంకొకరు ‘వ్యాన్ పక్క నుంచి వెళ్లండి’ అని రాశారు, ఆ రోజు వ్యాన్ సర్వీసింగ్‌కు వెళ్లింది. రాసినవాళ్లు వెనకాల పళ్లు బిగపట్టుకుని నడవడం చూడాలి. ఒకడైతే ఆగలేక “అటు కాదురా!” అని అరిచేశాడు. “ఆ అరుపు కాగితం మీద ఎందుకు లేదు?” అని అడిగితే, తెల్లమొహం వేసి, తర్వాత నవ్వేశాడు.

ఆ గంటలో వాళ్లు నేర్చుకున్న ప్రిపొజిషన్లు నేను నెల రోజులు చెప్పినా వచ్చేవి కావు. బిసైడ్, బిహైండ్, బియాండ్ ఒకటి కాదని, ‘ఎడమ’ అంటే ఎక్కేటప్పటి ఎడమా దిగేటప్పటి ఎడమా చెప్పాలని, టీ బండిని కాకుండా కదలని మండపాన్ని గుర్తుగా పెట్టుకోవాలని వాళ్లకే తట్టింది. ‘ప్రకృతి అందాలతో అలరారే’ లాంటి మాటలు మాత్రం ఎవరూ చెప్పకుండానే రాలిపోయాయి. కాగితం చూసి నడిచే జట్టుకు అవి ఎందుకూ పనికిరాలేదు మరి.

ఇష్టమైన చోటు చెప్పాలా, దాచాలా?

పుస్తకంలో ‘నాకు ఇష్టమైన చోటు’ అని ఒక భాగం ఉంది. ఇష్టం చెప్పడం సులువు, కారణం చెప్పడమే కష్టం. వెయిన్‌రైట్‌కు అన్నిటికంటే ఇష్టమైన కొండల్లో ఒకటి హేస్టాక్స్, ఎత్తు 597 మీటర్లే. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తయిన స్కాఫెల్ పైక్ 978 మీటర్లు. 1991లో ఆయన పోయాక చితాభస్మాన్ని హేస్టాక్స్ పైనున్న చిన్న కొలను పక్కనే చల్లారు. పెద్దది కాబట్టి కాదు, ఆ మెలికలు, ఆ రాళ్లు, ఆ కొలను నచ్చాయి కాబట్టి. ఇది చెప్పాక మా వాళ్ల రాత మారింది. ఒకమ్మాయి గాలిగోపురం గురించి కాకుండా తలయేరు గుండు గురించి రాసింది, ‘అందరూ తల ఆనించీ ఆనించీ రాయి ఎలా అయిందో చూడండి’ అని.

ఒక అబ్బాయి మాత్రం అడవిలో తన మేనమామ చూపించిన ఒక గుండం గురించి రాశాడు. దారి చాలా చక్కగా, ఎక్కడా సందేహం లేకుండా రాశాడు. నేను ఆ పేజీ తీసేశాను. అది అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడని చోటు, పైగా లోతు ఎవరికీ తెలియదు. బాగా రాసిన దారి కాబట్టే ఎక్కువ ప్రమాదం. వాడికి కోపం వచ్చింది, రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. “వెయిన్‌రైట్ అన్నీ చెప్పేశాడు కదా మేడమ్” అన్నాడు. నిజమే, చెప్పారు. లేక్ డిస్ట్రిక్ట్‌లో ఇప్పుడు జనం అడుగులకు, వానలకు కోసుకుపోయిన కాలిబాటలను బాగుచేయడానికి ‘ఫిక్స్ ది ఫెల్స్’ అని ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే నడుస్తోంది. అది ఒక్క పుస్తకం వల్ల అనలేం గానీ, పంచుకున్న చోటుకు జనం వస్తారన్నది మాత్రం ఖాయం. నా నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, వాడు మాత్రం ఒప్పుకోలేదు.

దాని బదులు తుంబురు తీర్థం గురించి రాశాడు. ఏటా ఫాల్గుణ పౌర్ణమికి ముక్కోటి జరుగుతుంది, భక్తులు అడవి దారిన నడిచి వెళ్తారు. వాళ్ల నాన్న వెళ్లారు, వాడు వెళ్లలేదు. పేజీ పైన వాడే రాసుకున్నాడు: “ఈ దారి నేను నడవలేదు. మా నాన్న చెప్పింది రాశాను.” పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే.

ఈ నెల ఇంట్లో

ఈ నెల ప్రాజెక్ట్ కూడా ఇదే, అన్ని బ్రాంచీలకూ. మీ ఊళ్లో ఎవరైనా ఎక్కే ఒక గుట్టో మెట్ల దారో ఎంచుకోండి. విశాఖ వాళ్లకు సింహాచలం మెట్లున్నాయి, హైదరాబాద్ వాళ్లు భువనగిరి కోటకు ఒక పూట వెళ్లిరావచ్చు, విజయవాడ వాళ్లకు కొండపల్లి దగ్గరే. కొండ లేని ఊరైతే చెరువుకట్ట చాలు. పిల్లలతో పాటు మీరూ నడవండి, ఒంటరిగా పంపకండి. పొద్దున్నే బయల్దేరితే మంచిది. నడుస్తున్నప్పుడే చిన్న నోట్‌బుక్‌లో రాయనివ్వండి, ఇంటికొచ్చాక గుర్తుచేసుకుని రాస్తే మళ్లీ ‘ప్రకృతి అందాలు’ వచ్చేస్తాయి. ఇంగ్లిష్ తప్పులు దిద్దకండి, దయచేసి. అది నా పని. ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటామన్నా అభ్యంతరం లేదు.

ఫోన్‌లో అడిగి రాయించవద్దు. ఫోన్‌కి మీ ఊరి గుట్ట మీద మూడో మలుపులో రాయి కదులుతుందని తెలియదు.

రాయడం అయ్యాక ఆ కాగితం ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి, అమ్మమ్మకో తాతకో పక్కింటివాళ్లకో. కుదిరితే వాళ్లు అది చూస్తూ నడవాలి, మీ పిల్లలు వెనకాల మాట్లాడకుండా రావాలి. నడవలేనివాళ్లు చదివి ప్రశ్నలైనా అడగాలి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో ఆ వాక్యం పక్కన చుక్క పెట్టమనండి. చుక్కలున్న కాగితమే నాకు కావాలి, ఫెయిర్ కాపీ కాదు. మార్కులు ఆ చుక్కల దగ్గర ఏం మార్చారన్నదానికే.

మా అమ్మాయి పేజీ ఇప్పుడు ఇలా ఉంది: “శ్రీవారి మెట్టు: 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. మొదటి నుంచీ ఎక్కుడే. అలిపిరి: సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కుడు, తర్వాత చాలా దూరం కాళ్లకు విశ్రాంతి, చివర మోకాళ్ల పర్వతం.” అచ్చుకు ఇచ్చే ముందు అవ్వకు చదివి వినిపించమన్నాను. ఆవిడ విని ఒక మాట చేర్పించారట. అదీ అలాగే ఉంచాం, ఆవిడ మాటల్లోనే: “మోకాళ్లు నొచ్చేవాళ్లకు బస్సు ఉండాది.”

పేజీలు ఈ నెల 25లోగా క్లాస్ టీచర్‌కు అందాలి. నడిచిన తేదీ వేయడం మరవకండి.